పన్నెండో తీగ

మధ్యాహ్నం మూడు గంటలు...

కానీ అది మధ్యాహ్నంలా లేదు! పడమట, పత్తి చేల అంచున, కమిలిన గాయం రంగులో ఒక మేఘం లేచి సూర్యుణ్ణి నిలువునా మింగేసింది. గాలి స్తంభించింది. ఆకాశం పసరు పచ్చగా మారింది. టెక్సస్ ఉత్తరపు కొసన ఉన్న హాలర్ స్ప్రింగ్స్ ఊళ్ళో కుక్కలు మెట్ల కింద దూరి మూలుగుతున్నాయి. మాజీ సైనికుల హాలు దూలాల మీద గూళ్ళు పెట్టుకున్న గుడ్లగూబలు... పట్టపగలు... ఒకదాని వెంట ఒకటి కూయసాగాయి!

ఆ కూతకి వెండెల్ స్ట్రౌడ్ తలెత్తి చూశాడు.

అరవై రెండేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు పత్తి జిన్నింగ్ మిల్లులో మెకానిక్కుగా అరిగిపోయిన చేతులు. ఇంట్లో అతనితో మాట్లాడే మనిషి లేక, గొంతు కూడా తుప్పు పట్టినట్టయింది. భార్య ఆర్లీన్ పోయి మూడేళ్ళు. ఆమె పాడేది, ఇతను పెడల్ స్టీల్ గిటారు వాయించేవాడు. ఆమె గొంతు ఎక్కడ ఆగితే అక్కడ నుంచి ఇతని తీగ అందుకునేది. ఆమె పోయాక ఆ గిటారు పెట్టె మూత మళ్ళీ తెరుచుకోలేదు. ఈవేళ కూడా వచ్చేవాడు కాదు. చిన్ననాటి స్నేహితుడు డబ్ కింబ్రెల్ పొద్దున్నే ఇంటికొచ్చి, ఒక చేత్తో ఇతన్నీ ఇంకో చేత్తో ఆ పెట్టెనీ పట్టుకుని వ్యానులో పడేశాడు.

ఏటా మార్చి నెలలో స్టీల్ గిటార్లున్న వాళ్ళంతా ఈ హాల్లో కలుస్తారు. వాయించుకోవడానికని పైకి చెప్పుకుంటారు గానీ, వచ్చేది చూపించుకోవడానికే! పాతికమంది పెద్దమనుషులు, పాతిక గిటార్లు. నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడే వాద్యమది. మగ్గం ముందు కూర్చున్నట్టు కూర్చోవాలి. ఎడమచేత ఉక్కు కడ్డీ తీగల మీద జారాలి, కుడిచేతి వేళ్ళు మీటాలి, పాదాలు పెడళ్ళు తొక్కాలి, మోకాళ్ళు మీటలు నెట్టాలి. ఒళ్ళంతా పనిచేస్తేనే ఒక్క స్వరం పలుకుతుంది. పలికిందా... గొంతు పూడుకుపోయిన మనిషి ఏడుపే!

"చూడరా, చూడు! ఈ ముత్యపు చిప్ప పని చూశావా? ప్రతి పువ్వూ చేత్తో చెక్కింది," అంటూ డబ్ తన గిటారు మీద గుడ్డ లాగాడు. "దీన్ని నేను పసిపిల్లల గుడ్డతో తప్ప తుడవను. వచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంది."

"అందుకే మీ ఆవిడ ఇంకా వ్యానులోంచి దిగలేదు," అన్నాడు పక్క బల్ల ముసలాయన.

"దిగకపోతే పోయె. ఇది మాత్రం ఎండలో ఉండకూడదు, శ్రుతి పోతుంది!"

అందరూ పగలబడి నవ్వారు. ఒకడు తన గిటారు కాళ్ళకి వెండిపూత వేయించానన్నాడు. ఇంకొకడు పెడళ్ళ మీద తన ముగ్గురు కూతుళ్ళ పేర్లు చెక్కించి, "కోపమొచ్చినప్పుడు పెద్దదాన్ని గట్టిగా తొక్కుతా" అన్నాడు. వెండెల్ మూతి మీద నవ్వులాంటిది వచ్చి, దారి తప్పినట్టు వెళ్ళిపోయింది. పాతికమంది మధ్య కూర్చున్నా అతనికి బావి అడుగున కూర్చున్నట్టే ఉంది. పైన మనుషులు మాట్లాడుకుంటున్నారు... మాటలు కిందికి దిగడం లేదు...

అప్పుడే...! దిక్కులు పిక్కటిల్లేలా ఒక ఉరుము!

హాలు తలుపు దానంతటదే తెరుచుకుంది. గుమ్మంలో ఒక ఆకారం. ఆరడుగుల పైన మనిషి, మోకాళ్ళు దిగే నల్లకోటు, బూడిద పూసినట్టున్న ముఖం, ఆ ముఖంలో రెప్పవాల్చని పాము కళ్ళు. భుజాన పసిపిల్ల శవపేటికలాంటి నల్లటి పెట్టె! అతని వెనకాల ఒక స్త్రీ. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మెడకి నల్ల పట్టుగుడ్డ చుట్టుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ కళ్ళ వెనక ఎవరూ ఉన్నట్టు లేదు.

"సైరస్ లాక్‌రిడ్జ్," అని గొణిగాడు డబ్, నవ్వు చచ్చిపోయి. "చచ్చిపోయిన వాద్యకారుల గిటార్లు వెతికి వెతికి కొంటాడే, వాడే. ఆ పిల్లని మార్వెల్లా అంటారు. తొమ్మిదేళ్ళుగా దాని నోట మాట విన్నవాడు లేడు."

లాక్‌రిడ్జ్ నేరుగా నడిచొచ్చాడు. హాలు మధ్య తన వాద్యాన్ని నిలబెట్టాడు. కాటుక కంటే నల్లటి కొయ్య! శ్మశానంలో సమాధుల మధ్య మొలిచిన అక్రోటు చెట్టుని పిడుగుపడ్డ రోజున కొట్టించి చేయించాడని లోకులు చెప్పుకునేవారు. మోకాలి మీటలు ఎముకలు. నడుమ, తీగల కింద, పసుపుబారిన ఒక కపాలం... నవ్వుతూ! పన్నెండు తీగలు.

"మీ ముత్యాలూ వెండిపూతలూ చూశాను," అన్నాడు లాక్‌రిడ్జ్. "బొమ్మలు. ఇప్పుడు వాద్యం వినండి."

ఒక్కొక్క తీగనీ ఒక్కొక్కసారి మీటాడు. మొదటి తీగ ఒక ఆడమనిషిలా ఏడ్చింది. రెండోది దగ్గింది. మూడోది ఎవరినో పేరుపెట్టి పిలిచింది! ఏడో తీగ మోగగానే డబ్ చేతిలోని కాఫీ కప్పు జారి భళ్ళున పగిలింది.

"అది రాయ్స్ టాకెట్ గొంతురా!" అన్నాడు. "పోయినేడు నా బల్ల దగ్గర కూర్చుని, ఆర్నెల్లకే పోయిన రాయ్స్! ఆ ముక్కుతో నవ్వడం... వాడిదే! వెండెల్, పదరా, ఇక్కడ ఉండొద్దు."

పదకొండో తీగ దగ్గర లాక్‌రిడ్జ్ చెయ్యి ఆగిపోయింది. పన్నెండో తీగని మీటలేదు. ఆ పాము కళ్ళు హాలంతా తిరిగి తిరిగి... వెండెల్ ముఖం మీద వాలాయి.

సరిగ్గా అదే క్షణంలో ఊరి సైరను మోగింది. సుడిగాలి వస్తోంది! హాల్లో కలకలం రేగింది. ఒక్కడూ తలుపు వైపు పరుగెత్తలేదు. అందరూ గిటార్ల వైపు పరుగెత్తారు! లోపలిగోడ పక్కకి వాటిని జరుపుతూ, కోట్లు విప్పి కప్పుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ... ఆ గందరగోళంలో వెండెల్ చెవి దగ్గర చల్లటి ఊపిరి తగిలింది.

"మూడేళ్ళు... చాలా పొడుగు కదూ?" అన్నాడు లాక్‌రిడ్జ్. "ఆమె గొంతు మరిచిపోతున్నావు. ముఖం గుర్తుంది, గొంతు గుర్తుకు రావడం లేదు. అవునా?"

వెండెల్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. అతను ఎవరికీ చెప్పుకోని మాట అది. పడుకునే ముందు ఎంత ప్రయత్నించినా ఆర్లీన్ గొంతు చెవిలోకి రావడం లేదు... ఈ మధ్యనే... ఆరు నెలలుగా...

"వినిపిస్తాను. ఆమె వస్తువు ఒక్కటి చాలు."

మనిషికి భయం ఉంటుంది, బుద్ధి ఉంటుంది, దేవుడి మీద నమ్మకం ఉంటుంది. ఒంటరితనం ముదిరితే ఆ మూడూ కలిసినా తూకానికి సరిపోవు. వెండెల్ తన గిటారు పెట్టె తెరిచి, మూత సంచిలోంచి ఆర్లీన్ దువ్వెన తీశాడు. దాని పళ్ళలో మూడు నెరిసిన వెంట్రుకలు. లాక్‌రిడ్జ్ వెనకే నడిచాడు.

వేదిక వెనకాల సామాన్ల గదిలో చీకటి కాటుకలా పేరుకుని ఉంది. లాక్‌రిడ్జ్ తన వాద్యాన్ని అక్కడికి మోసుకొచ్చి నిలబెట్టి, కపాలంలో కొవ్వు నింపి వత్తి వెలిగించాడు. కంటిగుంటల్లోంచి ఎర్రటి వెలుగు! ఆ మూడు వెంట్రుకల్నీ పన్నెండో తీగకి చుట్టాడు. నేలమీద బూడిదతో వలయం గీసి, దాని మధ్య మార్వెల్లాని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మెడకున్న గుడ్డ లాగేశాడు. ఆ కంఠం మీద... తీగతో కోసినట్టు... పదకొండు సన్నటి నల్లగీతలు!

"కూర్చో. వాయించేది నువ్వే. పిలిచేవాడి చేతికే ఆమె పలుకుతుంది," అన్నాడు మాంత్రికుడు.

వెండెల్ కూర్చున్నాడు. పాదం పెడల్ మీద, ఎడమచేతిలో ఉక్కు కడ్డీ. లాక్‌రిడ్జ్ పెదాలు కదిలాయి. ఏ భాషకీ చెందని, ఏ దేవుణ్ణీ పిలవని, గులకరాళ్ళు నూరినట్టున్న మంత్రం! ఆకాశం దద్దరిల్లింది! గుడ్లగూబలు వికృతంగా అరిచాయి! హాల్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి... కరెంటు పోయింది!

వెండెల్ పన్నెండో తీగని మీటాడు.

కరెంటు లేదు, యాంప్లిఫయర్ లేదు. అయినా ఆ తీగ మోగింది! మోగి, తగ్గాల్సింది పోయి పెరిగింది. గోడలు వణికాయి. వలయంలో మార్వెల్లా ఒళ్ళు విల్లులా వంగింది, జుట్టు విరబోసుకుంది, కళ్ళు తెల్లగా తేలిపోయాయి. ఆమె కంఠం మీద పన్నెండో గీత దానంతటదే గీసుకోసాగింది! ఆమె నోరు తెరుచుకుని...

"వెండెల్."

ఆర్లీన్ గొంతు!

చివర్లో కొంచెం సాగదీసే అదే పిలుపు. మూడేళ్ళుగా గడ్డకట్టిన కన్నీళ్ళు ఒక్కసారి కరిగి అతని గడ్డం మీదుగా కారిపోయాయి.

"ఆర్లీన్... ఆర్లీన్... నువ్వేనా?"

"నేను కాక ఎవరొస్తారు నీ కోసం? చొక్కా గుండీ ఊడింది, చూసుకున్నావా? అలాగే నలుగురిలోకి వచ్చేశావా?"

అతను ఏడుస్తూ నవ్వాడు. నవ్వుతూ ఏడ్చాడు. "కుట్టడం రాలేదే... దారం ఎక్కించలేకపోయాను..."

"వెండెల్, విను. నాకు చలేస్తోంది." ఆ గొంతులో నవ్వు పోయింది. "నేను హాయిగా ఉన్న చోటు నుంచి నన్ను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఇక్కడ పదకొండు మంది ఉన్నారు. ఒకరి గొంతు ఇంకొకరికి వినపడదు. అందరూ ఎవరికి వాళ్ళే, చీకట్లో అరుస్తున్నారు. ఆ దీపం ఆరేలోపు స్వరం ఆపెయ్. ఆరిపోయాక కూడా తీగ మోగుతుంటే నేను పన్నెండోదాన్ని. ఇక విడుదల లేదు!"

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు!

"ఆపుతాడా? అడుగు, ఆపుతాడేమో అడుగు! ఒరేయ్ వెండెల్, కడ్డీ ఎత్తావా, ఆమె గొంతు మళ్ళీ ఏ జన్మకీ వినవు! ఎత్తకపోతే రోజూ వినొచ్చు. పొద్దున్నే కాఫీ తాగుతూ వినొచ్చు! పన్నెండు గొంతులూ నిండాయంటే మృత్యువు కూడా నా గుమ్మం తొక్కదు. పైవాడు కూడా నన్ను పిలవలేడు!"

వెండెల్ చెయ్యి కదల్లేదు. చెప్పడానికి సిగ్గుచేటైన సంగతే గానీ, చెప్పాలి. అతను ఆపదలుచుకోలేదు! ఒక్క మాట... ఇంకొక్క మాట విని ఆపేద్దాం... కపాలంలో వత్తి చిటపటలాడింది. మంట సగానికి తగ్గింది.

"పొద్దున ఏం వండుకున్నావని అడుగు," అన్నాడు పిచ్చివాడిలా. "ఏదైనా అడుగు ఆర్లీన్. తిట్టు. ఏదో ఒకటి మాట్లాడు..."

"నన్ను పట్టుకుంటే నేను నీ దగ్గర ఉన్నట్టు కాదురా పిచ్చివాడా," అంది ఆమె మెల్లగా. "వాడి దగ్గర ఉన్నట్టు."

ఆ మాట ఈటెలా దిగింది. వెండెల్ కడ్డీ ఎత్తబోయాడు. రాలేదు! వేళ్ళు కొయ్యబారిపోయాయి. పాదం పెడల్‌కి అతుక్కుపోయింది. మోకాళ్ళని ఆ ఎముకల మీటలు పటకార్లలా బిగించి పట్టుకున్నాయి. మంట పావుకి దిగింది. ఎర్రటి వెలుగులో లాక్‌రిడ్జ్ ముఖం యవ్వనంతో నిగనిగలాడసాగింది!

"దేవుడా..." అన్నాడు వెండెల్. అంతకు మించి ప్రార్థన అతనికి రాలేదు.

అప్పుడు గోడ అవతల నుంచి ఒక చప్పుడు.

చాలా చిన్న చప్పుడు. తేనెటీగల రొదలాంటిది. చీకట్లో, సుడిగాలి నెత్తిమీదికి వస్తుంటే, డబ్ కింబ్రెల్ తన ముత్యాల గిటారు మీద కప్పిన కోటు తీసేసి కూర్చున్నాడు. స్నేహితుడు కనబడటం లేదని అరిచి అరిచి గొంతు పోయి, ఇంకేం చెయ్యాలో తెలియక, ఊళ్ళో మనిషిని మట్టి చేసేటప్పుడు పాడే దేవుడి కీర్తన ఎత్తుకున్నాడు. పక్కవాడు అందుకున్నాడు. ఆ పక్కవాడూ అందుకున్నాడు. కరెంటు లేని పాతిక గిటార్లు, చెవి ఆనిస్తే తప్ప వినపడని పాతిక సన్నటి ఏడుపులు. ఇందాక ఎవరిది గొప్పదని కొట్టుకున్నవాళ్ళు ఎవరి తీగ ఎవరిదో తెలియకుండా కలిసిపోయారు. దాని మీద ముసలి గొంతులు, సగం శ్రుతి తప్పినవి.

ఆ బలహీనమైన నాదం గోడ దాటి రాగానే... కపాలం పటుక్కున బీటలు వారింది!

"ఆపండి!" మాంత్రికుడు చెవులు మూసుకుని గింజుకున్నాడు. "ఆపండి! ఆ పేరు ఎత్తొద్దు! నా గదిలో ఆ పేరు ఎత్తొద్దు!"

వెండెల్ కుడిచేతి వేళ్ళలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఎడమచెయ్యి ఇంకా రాయే. కానీ కుడిచెయ్యి చాలు. చొక్కా జేబులో, తీగలు మార్చుకునే ప్రతివాడి జేబులోనూ ఉండేదే, చిన్న కటింగ్ ప్లేయరు ఉంది. తీశాడు. పన్నెండో తీగ మీద ఆనించాడు.

"వెళ్ళిరా ఆర్లీన్," అన్నాడు.

"గుండీ కుట్టుకో," అంది ఆమె.

కత్తిరించాడు!

ఖణేల్‌మన్న శబ్దంతో తీగ తెగి అతని చెంప చీల్చింది. స్టీల్ గిటారు మీద ఒక తీగ తెగితే మిగతావి శ్రుతిలో నిలవవు. అది వాయించే ప్రతివాడికీ తెలుసు. పదకొండో తీగ బిగువు పెరిగి ఫట్టుమని తెగింది! పది... తొమ్మిది... ఎనిమిది...! రాయ్స్ టాకెట్ ముక్కుతో నవ్వుతూ బయటికొచ్చాడు! ఆడగొంతులు, మగగొంతులు, ఒక ముసలి దగ్గు... ఏళ్ళ తరబడి ఒకరికొకరు వినపడని పదకొండు ఒంటరి ఆక్రోశాలు మొదటిసారి ఒకరినొకరు విన్నాయి! విని, ఒక్క గొంతై, తమని బంధించినవాడి వైపు తిరిగాయి!

తెగిన తీగలు నల్లత్రాచుల్లా లేచి లాక్‌రిడ్జ్ చేతులకి, కాళ్ళకి, కంఠానికి చుట్టుకున్నాయి. "నేను చావను! నన్ను పిలిచేవాడు లేడు!" అని అరవబోయాడు. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు! పదకొండు గొంతులూ వెళ్ళిపోతూ వాడి గొంతుని కూడా తమతో తీసుకుపోయాయి. మూగగా, నోరు బార్లా తెరిచి, వాడు పైకి చూశాడు.

పైవాడు పిలిచాడు.

వెయ్యి రైళ్ళు ఒక్కసారి దూసుకొచ్చినట్టు హోరు! సామాన్ల గది పైకప్పు కాగితంలా లేచిపోయింది. సుడిగాలి తన నల్లటి వేలొకటి కిందికి దించి, ఆ గదిలో మరి దేన్నీ ముట్టకుండా, కపాలంతో, కొయ్యతో, ఎముకల మీటలతో సహా సైరస్ లాక్‌రిడ్జ్‌ని ఎత్తుకుపోయింది! వెండెల్ మార్వెల్లాని పొదివి పట్టుకుని నేలకి కరుచుకుపోయాడు. ఎంతసేపో తెలియదు. తల ఎత్తేసరికి కప్పు లేని గదిలోకి వాన... ఆ వాన వెనకే ఎండ. నల్లకోటు ముక్క కూడా ఎవరికీ ఎప్పటికీ దొరకలేదు.

తలుపు బద్దలు కొట్టుకుని డబ్ లోపలికి పడ్డాడు. చేతిలో కంచు దీపపు స్టాండు, కొట్టడానికి.

"బతికున్నావా? బతికున్నావుగా? నీ యబ్బ, నెత్తురు కారుతోందిరా! ఎక్కడికి పోయావురా నాకు చెప్పకుండా?" అంటూ తిట్టి, తిట్టి, కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మీ గిటార్లు?" అన్నాడు వెండెల్.

"ఒక్కదానికీ గీత పడలేదు. హాలు సగం కప్పు ఎగిరిపోయింది గానీ," అని ముక్కు తుడుచుకున్నాడు డబ్. "మా ఆవిడ ఇప్పుడే వ్యానులోంచి దిగింది. ముందు సీటు గురించి మాట్లాడాలిట. సుడిగాలే నయం."

వాన తగ్గింది. చెట్లన్నీ ఒకే వైపు పడుకున్నాయి. హాల్లో మనుషులు ఒకరి గిటారు మీద నీళ్ళు ఒకరు తుడుస్తున్నారు, ఎవరిదని చూడకుండా. వెండెల్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చెవుల్లో ఏమీ లేదు. ఆర్లీన్ గొంతు లేదు. ఇక రాదు. ఆ ఖాళీ ఇప్పుడు మూడేళ్ళ కిందటంత పచ్చిగా ఉంది.

పక్కన కూర్చున్న స్త్రీ కంఠం తడుముకుంటోంది. గీతలు లేవు.

"జువానెల్," అంది.

తుప్పు పట్టిన మడతబందు కదిలినట్టుంది ఆ గొంతు. వెండెల్ తిరిగి చూశాడు.

"నా పేరు. మార్వెల్లా వాడు పెట్టాడు. నేను జువానెల్ని." మళ్ళీ అంది: "మా తమ్ముడు పోయాడు. వాడి గొంతు వినిపిస్తానన్నాడు లాక్‌రిడ్జ్. ఒక్కసారే విన్నాను. తర్వాత నా గొంతు లేదు. తొమ్మిదేళ్ళు." ఇంకా ఏదో చెప్పబోయి చేత్తో పొట్ట పట్టుకుంది. "ఆకలేస్తోంది."

వెండెల్ లేచాడు. వంటగదిలో సగం కప్పు కింద, పొగలో కాల్చిన గొడ్డుమాంసం, చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె చల్లారిపోయి ఉన్నాయి. పళ్ళెం నిండా పెట్టుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె తింటూ మాట్లాడింది. మాట్లాడుతూ తింది. తమ్ముడు చెరువులో ఎలా ఈదేవాడో, వాళ్ళమ్మ రొట్టెలో ఎంత వెన్న వేసేదో, తనకి కోళ్ళంటే ఎందుకు భయమో... ఒకదానికొకటి పొంతన లేదు. నోట్లోంచి రొట్టె తునకలు రాలుతున్నాయి. తొమ్మిదేళ్ళ మాటలు తోసుకుంటూ వస్తున్నాయి.

కాసేపటికి ఆమె సిగ్గుపడి ఆగిపోయింది. "విసుగొస్తోందా మీకు?"

వెండెల్ చెంప మీద నెత్తురు చేత్తో తుడుచుకుని, ఆమె పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"లేదమ్మా," అన్నాడు. "కోళ్ళ సంగతి చెప్పు."